రెండు లిపుల్లో అమ్మ పేరు: పర్లాకిమిడి రాతి ఫలకాల దుకాణంపై సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లే దారిలో, ఊరు దాటకముందే, రోడ్డు పక్కన రేకుల పందిరి కింద రాతి ఫలకాలు చెక్కే చిన్న దుకాణం ఒకటి ఉంది. దానికి బోర్డు లేదు. ఒడియా మాట్లాడేవారూ తెలుగు మాట్లాడేవారూ కూడా దాన్ని రాళ్ల మేస్త్రి కొట్టు అనే అంటారు. గృహప్రవేశాల ఫలకాలు, గుడి మెట్ల మీద దాతల పేర్లు, బడి గదుల ప్రారంభోత్సవ శిలాఫలకాలు ఏడాది పొడవునా అక్కడ తయారవుతూ ఉంటాయి. అక్టోబరు వచ్చేసరికి మాత్రం ఆ పందిరి కింద సిలువ గుర్తున్న రాళ్లే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే నవంబరు 2న సమాధుల పండుగ. గత అక్టోబరులో మా అమ్మ సమాధికి కొత్త ఫలకాన్నీ, ఏడేళ్ల కిందట వేరేచోట తప్పుగా చెక్కించిన నాన్న ఫలకానికి బదులు మరొకదాన్నీ అక్కడే చేయించాను. సరిహద్దుకు ఇవతల, ఒడిశా పట్టణాల్లో, తెలుగు అక్షరాలను రాతి మీద తప్పు లేకుండా చెక్కించుకోవడం ఎంత కష్టమో తెలిసిన కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఈ అనుభవాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా పండుగ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో మనం ఇచ్చే గడువు దానిమీదే ఆధారపడి ఉంటుంది. నవంబరు 1 సకల పునీతుల (సెయింట్ల) పండుగ. రోము నగరంలోని పాంథియోను అనే పాత దేవాలయాన్ని 609 మే 13న నాలుగవ బోనిఫాసు పోపుగారు మరియమాతకూ, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షులందరికీ అంకితం చేసిన సందర్భాన్ని ఈ పండుగ పూర్వచరిత్రలో చెబుతారు. పశ్చిమ దేశాల సంఘాల్లో నవంబరు 1వ తేదీ 9వ శతాబ్దంలో స్థిరపడింది. పంచాంగంలో తమకంటూ ఒక రోజు ఉన్న పునీతులతో పాటు, పేరు కూడా ఎవరికీ తెలియని పుణ్యాత్ములను సైతం ఆ రోజు గౌరవిస్తారు. మరునాడు నవంబరు 2, మృతులందరి స్మరణ దినం. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి పునీత ఒడిలో తన అధీనంలోని మఠాలన్నిటిలోనూ ఆ రోజు మృతుల కోసం ప్రార్థనలు జరగాలని ఆదేశించడంతో ఈ ఆచారం ఊపందుకుని క్రమంగా లోకమంతటా వ్యాపించింది. ఆయన 1049లో మరణించారు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న 1915లో, పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ప్రతి గురువూ, అంటే ఫాదరూ, ఆ రోజు మూడు దివ్యబలిపూజలు సమర్పించవచ్చునని అనుమతి ఇచ్చారు. మావంటి రెండు భాషల విచారణలకు, అంటే ఒక్కో చర్చి పరిధిలోని సంఘాలకు, ఆ అనుమతి ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఒక పూజ ఒడియాలో, మరొకటి తెలుగులో వినే భాగ్యం దానివల్లనే కలుగుతోంది.

మా విచారణ 1974లో ఏర్పడిన బరంపురం మేత్రాసనం (బిషప్పు గారి పరిధి) కిందిది. గజపతి జిల్లాలో 2011 జనగణన నాటికే మూడో వంతుకు పైగా క్రైస్తవులున్నారు; వారిలో కొండల మీది సవరలు, ముఖ్యంగా బాప్తిస్టులు, ఎక్కువ. మా బాప్తిస్టు బంధువులు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్తారు, కథోలికులమైన మేము నవంబరు 2 సాయంత్రం వెళ్తాము. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. వానాకాలమంతా పెరిగిన పిచ్చిమొక్కలు పీకాలి, పగుళ్లకు సిమెంటు పూయాలి, సున్నం వేయాలి, బంతిపూలూ చేమంతులూ కొవ్వొత్తులూ సాంబ్రాణీ సిద్ధం చేసుకోవాలి. గురువుగారు తీర్థజలం చల్లుతూ ఒక్కొక్క సమాధి దగ్గర ఆగినప్పుడు, ఆ సమాధి ఎవరిదో ఆయన చదివి పేరు పెట్టి ప్రార్థిస్తారు. అందుకని ఫలకం మీది పేరు స్పష్టంగా, సరిగ్గా ఉండాలన్నది మాకు అలంకారానికి సంబంధించిన విషయం కాదు.

నాన్న ఫలకం సంగతి ఇక్కడే చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం, గజపతి జిల్లాలను చిన్నాభిన్నం చేసినప్పుడు, మా సమాధుల తోటలోని పెద్ద చెట్టు కూలి నాన్న సమాధి మీది సిలువా ఫలకమూ ముక్కలయ్యాయి. పండుగకు మూడు వారాలే మిగిలి ఉన్నాయి. కరెంటు లేదు, దారులు లేవు, ఇళ్లపై కప్పులు లేవు. మా తమ్ముడు ఎంతో శ్రమపడి మరో పట్టణంలోని ఒక దుకాణంలో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చి చెక్కే పద్ధతిలో కొత్త ఫలకం చేయించి నవంబరు 1 రాత్రికి తెచ్చాడు. విప్పి చూస్తే అక్షరాలు విరిగిపోయి ఉన్నాయి. ‘క్రీస్తునందు నిద్రించిన’ అన్న పంక్తిలో క్రావడి ఊడిపోయి, తావత్తు ఊడిపోయి, ‘క్‌రీస్‌తునందు నిద్‌రించిన’ అని పొల్లు అక్షరాలు వరసగా నిలబడ్డాయి. తెలుగు ఫాంటును సరిగా చూపలేని పాత సాఫ్ట్‌వేరులో పంక్తిని అతికిస్తే ఇలా జరుగుతుందనీ, తెలుగు చదవడం రానివారు దాన్ని అలాగే కోసేస్తారనీ నాకు తరువాత తెలిసింది. తెల్లవారితే పండుగ కనుక దాన్నే పెట్టించాము. ఆ తరువాత అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ, ఏటా నవంబరు 2న బంతిపూల దండను సరిగ్గా ఆ పంక్తి మీద పడేలా వేసేది. ఒక్కమాట కూడా అనలేదు. ఆ దండను ఆమె సర్దే తీరు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

అందుకే ఈసారి అమ్మకు ఫలకం చేయించవలసి వచ్చినప్పుడు రాయికన్నా ముందు చేతిరాతను పరీక్షించాలని నిశ్చయించుకున్నాను. సెప్టెంబరు మూడో వారంలో రాళ్ల మేస్త్రి దగ్గరకు వెళ్లి, ఒక కాగితం మీద ‘పునరుత్థానము’ అని రాసి ఇచ్చి, దీన్ని రాతి మీద గీసి చూపించమని అడిగాను. క్రైస్తవ సమాధుల మీద ఈ మాటకు జరిగినంత అన్యాయం మరే మాటకూ జరగలేదు. తకారం కింద ఉండవలసిన థావత్తు చాలాచోట్ల ధావత్తుగా మారిపోతుంది, కొన్నిచోట్ల రెండూ పోయి ‘పునరుతానము’ మిగులుతుంది. డెబ్బై ఏళ్లు దాటిన ఆ మేస్త్రి గారు కళ్లద్దాలు సవరించుకుని, సుద్దతో ఒక పాత రాతిముక్క మీద ఆ మాటను గుండ్రంగా గీసి, చివర థావత్తు పొట్టలో చుక్క పెట్టి, “టీచరమ్మ గారూ, ఈ చుక్క కోసం వేరే సన్నటి ఉలి ఉంది, దీనికి పెద్ద ఉలి వాడితే రాయి పెచ్చు లేచి చుక్క పూడిపోతుంది” అన్నారు. నేను అడగకముందే చుక్క గురించి చెప్పిన మనిషికి పని అప్పగించడానికి ఇంకేమీ ఆలోచించనక్కరలేదనిపించింది.

రాయి విషయంలో కూడా ఆయన తొందరపెట్టలేదు. పందిరి కింద మూడు రకాల రాళ్లున్నాయి: తెల్ల పాలరాయి, నల్ల గ్రానైటు, పాతపట్నం మీదుగా లారీల్లో వచ్చే టెక్కలి నీలిరాయి. పాలరాయి మీద అక్షరం తేలిగ్గా దిగుతుంది కానీ వానకు పాచి పడుతుంది. పైగా పండుగ ముందు తళతళలాడాలని మనవాళ్లు దాన్ని యాసిడ్‌తో కడుగుతారు, అది సున్నపు జాతి రాయి కావడంవల్ల యాసిడ్‌కు పైపొర కరిగి అక్షరాల అంచులు మొద్దుబారిపోతాయి. పాలరాతి ఫలకాలు ఉన్నవారు దయచేసి ఆ పని చేయవద్దు, మామూలు నీరూ మెత్తటి గుడ్డా చాలు. టెక్కలి నీలిరాయి గట్టిది, లోపల నీలి మెరుపులతో చూడటానికి గంభీరంగా ఉంటుంది, సమాధి రాళ్ల కోసమే విదేశాలకు కూడా ఎగుమతి అవుతుంది. మాకు ఇంత దగ్గరలో దొరికే రాయి అంత దూరం వెళ్లి ఎవరెవరి పేర్లనో మోస్తోందన్న ఆలోచన నాకు ఎందుకో తృప్తినిచ్చింది. అమ్మానాన్నలిద్దరికీ దాన్నే ఎంచుకున్నాను.

ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినదాన్ని కనుక ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే రెండు రాళ్ల పేర్లకూ మనుషులతోనే సంబంధం ఉంది. కొండాలైటుకు ఈ కొండల్లో నివసించే కోదుల పేరు పెట్టారు. కోణార్క దేవాలయంలో వాడిన ఆ రాయి మెత్తబడే స్వభావం గలది, సన్నటి అక్షరాన్ని ఎక్కువకాలం నిలుపుకోలేదు. చార్నకైటుకు ఆ పేరు ఒక సమాధి రాతి నుంచే వచ్చింది. 17వ శతాబ్దం చివరలో మరణించిన జాబ్ చార్నక్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి కలకత్తాలోని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో వేసిన సమాధి రాయి మద్రాసు వైపు నుంచి వెళ్లినది. హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ జాతి రాయిని వర్ణిస్తూ చార్నక్ పేరే పెట్టారు. మేస్త్రి గారికి ఈ సంగతి చెబితే ఆయన పని ఆపి, “రాయి మీద మనిషి పేరు చెక్కుతాం గానీ, మనిషి పేరు రాయికి కూడా పెడతారా అమ్మా” అని ఎంతో ఆశ్చర్యపోయారు.

ఇక అక్షరాల గురించి. ఈ దుకాణంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, రబ్బరు రేకులో అక్షరాలు కోసి రాతి మీద అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి లోతు చేయడం; రెండోది, గీసిన గీత మీద చేతి ఉలితో చెక్కడం. మొదటిది చౌక, వేగం. రెండోదానికి అక్షరానికి 25 రూపాయలు తీసుకున్నారు. ఇక్కడ ఒక మంచి విషయం ఉంది: గుణింతమూ ఒత్తూ ఎన్ని ఉన్నా ఆయన దాన్ని ఒకే అక్షరంగా లెక్కిస్తారు, ‘త్థా’కూ 25 రూపాయలే, ‘మ’కూ 25 రూపాయలే. రెండు ఫలకాల మీద కలిపి 214 అక్షరాలకు 5,350 రూపాయలు, రెండు అడుగుల పొడవూ అడుగున్నర వెడల్పూ గల రెండు రాళ్లకు కోతా పాలిషుతో 3,000 రూపాయలు, పాత ఫలకం తీసి రెండింటినీ బిగించినందుకు 1,600 రూపాయలు, మొత్తం 9,950 రూపాయలైంది. చేతిపని నాణ్యతను చూస్తే ఇది న్యాయమైన ధరే అని నా అభిప్రాయం. ఉలితో చెక్కిన గాడి అడుగున కోణంగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి ఎండ పడినప్పుడు రంగు లేకపోయినా అక్షరం నీడతోనే చదవబడుతుంది. రంగు ఎన్నేళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఆ నీడ మాత్రం రాయి ఉన్నంతకాలం ఉంటుంది.

నేను ఈ దుకాణాన్ని ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం మరొకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. మా తాతల తరం తెలుగులో చదివింది, మా తరం రెండూ చదివింది, మా మేనల్లుళ్లూ వాళ్ల పిల్లలూ ఒడియాలోనే చదువుతున్నారు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడే ఆ పిల్లలు సమాధుల తోటలో నాయనమ్మ పేరు చదవలేకపోతున్నారు. అందుకని పైన తెలుగులోనూ కింద కొంచెం చిన్న అక్షరాలతో ఒడియాలోనూ పేరు చెక్కించాలనుకున్నాను. ఈ మాట చెప్పగానే మేస్త్రి గారు తన చిన్నకొడుకును పిలిచారు. తెలుగు పంక్తులు తండ్రి గీస్తారు, ఒడియా పంక్తులు కొడుకు గీస్తాడు. కొడుకుకు తెలుగు చదవడం రాదు, తండ్రికి ఒడియా చదువు అంతంతమాత్రమే. ఒడియా అక్షరానికి నెత్తిన గొడుగు, తెలుగు అక్షరానికి తలకట్టు, రెండూ పక్కపక్కన నిలిస్తే వాటి మధ్య ఎంత ఖాళీ వదలాలో ఆ తండ్రీకొడుకులు ఒక సాయంత్రమంతా సుద్దతో గీసి చెరిపి తేల్చుకున్నారు.

అందులో ఒక చిక్కు వచ్చింది. మా ఇంటిపేరులో హ్రస్వమైన ‘ఎ’ ఉంది. ఒడియాలో హ్రస్వ ఎకారానికీ దీర్ఘ ఏకారానికీ వేర్వేరు అక్షరాలు లేవు. దాన్ని దగ్గరగా పలికేలా మార్చి రాయాలా, లేక ఉన్న ఒకే అక్షరంతో రాయాలా అని వాళ్లు నన్ను అడిగారు. మా మేనల్లుడి బడి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే రాయమని చెప్పాను. ఇలా రెండు లిపుల్లో చెక్కించుకునేవారు ముందుగానే ఇంట్లోని పిల్లల రికార్డులు చూసుకుని, అదే వర్ణక్రమాన్ని కాగితం మీద రాసి తీసుకెళ్లడం మంచిది. రాతి మీద ఒకటీ రికార్డులో ఒకటీ ఉంటే రేపు పిల్లలు ఏది సరైనదని అడిగితే చెప్పలేము.

లోపాలు కూడా చెప్పాలి. అక్టోబరు 25కు ఇస్తామన్న ఫలకాలు 30న ఇచ్చారు, ఆ ఐదు రోజుల్లో ఫోను చేస్తే ఎత్తలేదు, నేనే మూడుసార్లు ఎండలో వెళ్లి రావలసి వచ్చింది. 2018నాటి భయం మనసులో ఉన్న మాకు ఆ ఐదు రోజులూ చాలా కష్టంగా గడిచాయి. ఖర్చు వివరాలను కాగితం మీద రాసి ఇచ్చే అలవాటు వాళ్లకు లేదు, నేను పట్టుబట్టి రాయించుకున్నాను. బంగారు రంగు నింపినప్పుడు నాన్న ఫలకం మీద రెండుచోట్ల రంగు గీత దాటి పాకింది; చెబితే వెంటనే గీకి సరిచేశారు కానీ, పరిశీలించి చూస్తే ఆ మరక ఛాయ ఇంకా తెలుస్తుంది. సిలువ నమూనాలు ఒక్క రకమే ఉన్నాయి, వేరే కావలసినవారు బొమ్మ తీసుకెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్టోబరు మొదటి వారం దాటాక చేతి ఉలి పనికి వాళ్లు ఒప్పుకోరు, ఇసుక పద్ధతికే ఒప్పుకుంటారు. కాబట్టి ఆగస్టులోనో సెప్టెంబరు మొదట్లోనో వెళ్లడమే క్షేమం. ఒకవేళ 2వ తేదీకి ఫలకం అందకపోయినా కథోలిక కుటుంబాలు దిగులుపడవలసిన అవసరం లేదు. నవంబరు 1 నుంచి 8 వరకు ఏ రోజైనా సమాధుల తోటను దర్శించి మృతుల కోసం ప్రార్థించేవారికి తిరుసభ (కథోలిక చర్చి) ప్రత్యేక ఆధ్యాత్మిక ఫలాన్ని ప్రకటించింది. కోవిడ్ వచ్చిన 2020లో ఆ గడువును నవంబరు నెలంతటికీ పొడిగించారు కూడా. ఆ సంవత్సరం అమ్మ నెలాఖరున, జనం లేని ఒక మధ్యాహ్నం నాన్న దగ్గరకు వెళ్లి వచ్చింది.

బిగించే పనికి కొడుకులిద్దరూ అక్టోబరు 31 ఉదయం వచ్చారు. కింద సిమెంటు పరుపు సమంగా ఉందో లేదో నీటిమట్టంతో చూసి, వాన నీరు అక్షరాల్లో నిలవకుండా ఫలకాన్ని కొద్దిగా వాలుగా పెట్టారు. కొవ్వొత్తులు నేరుగా నునుపు రాతి మీద వెలిగిస్తే మైనం మరక పడుతుందని, ఒక్కో సమాధికీ జానెడు రాతిముక్క ఒకటి ఉచితంగా ఇచ్చి దానిమీద వెలిగించుకోమన్నారు. ఇలాంటి చిన్న సంగతులను పట్టించుకునే పనివాళ్లు ఇప్పుడు అరుదుగా కనిపిస్తారు.

నవంబరు 2 సాయంత్రం గురువుగారు మా వరుస దగ్గరకు వచ్చేసరికి చీకటి పడుతోంది. ఒడియా గురువులు కావడంవల్ల ఇదివరకు ఆయన మా వైపు చూసి పేరు అడిగి ప్రార్థించేవారు. ఈసారి కొవ్వొత్తి వెలుగులో కింది పంక్తి తామే చదివి, అమ్మనూ నాన్ననూ పేర్లతో పిలిచి తీర్థజలం చల్లారు. మా పిన్ని పైపంక్తి మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడుముతూ పోయి, ‘పునరుత్థానము’ దగ్గర చుక్కను తాకి ఆగింది. తొమ్మిదేళ్ల మేనల్లుడి కొడుకు కింది పంక్తిని గట్టిగా చదివి, పైన ఉన్నది కూడా ఇదేనా అని అడిగాడు. ఆ సాయంత్రం బంతిపూల దండను అక్షరాల మీద కాకుండా ఫలకం చుట్టూ వేశాము.

నాన్న పాత ఫలకం ఇప్పుడు మేస్త్రి గారి పందిరి కింద ఉంది. దాన్ని పారేయవద్దని, వెనుక వైపు నునుపు చేస్తే మంచి రాయేనని ఆయనే అన్నారు. మా కుటుంబ వరుసలో, ఉత్త సున్నపు దిమ్మె మాత్రమే ఉండి పేరేమీ లేని మా తాతమ్మ సమాధి ఒకటి ఉంది. ఆమె పేరు పిన్నికి మాత్రమే సరిగా తెలుసు. దాన్ని కాగితం మీద రాయించి తీసుకెళ్లి మేస్త్రి గారికి ఇచ్చాను, వర్షాకాలానికి ముందే చెక్కి పెడతామని చెప్పారు.